మళ్ళీ ఒక చుట్టు



పొరపాటు పాపమవుతుందా? అయితే ఎప్పుడు అవుతుంది? పాపసంకీర్తనానికి సిద్ధపడే ప్రతి విశ్వాసికీ ఈ ప్రశ్న ఎదురవుతుంది. విమానం నడపడం నేర్చుకునేవారి అనుభవం దీనికి జవాబు వెతకడంలో మనకు తోడ్పడుతుంది.

మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలను ఒరుసుకుంటూ పారే కృష్ణమ్మ దిగువన నాగార్జునసాగరం చేరుతుంది. ఆ సాగర్‌కు సమీపంలో, నల్గొండ జిల్లా పెద్దవూర మండలం తుంగతుర్తి వద్ద, 2022 ఫిబ్రవరి 26న ఒక శిక్షణ విమానం కూలి, దానిని ఒంటరిగా నడుపుతున్న విద్యార్థిని మరణించింది. ఆ బిడ్డ ఆత్మశాంతికి ప్రార్థిద్దాం. అది నేలకు దిగేటప్పుడు జరిగిన ప్రమాదం కాదు. దానిపై తీర్పు చెప్పడం మన పనీ కాదు. అయితే నేర్చుకునేవారికి తరచుగా ఎదురయ్యేవి దిగేటప్పటి ప్రమాదాలే. వాటిని గురించి ఆలోచిద్దాం.

సెస్నా 152 వంటి చిన్న విమానంలో రెండే సీట్లు, కింద మూడు చక్రాలు. వెనుక రెండు చక్రాలు దిగే బరువును ఓర్చుకుంటాయి. ముక్కు కింది చక్రానికి అంత బలం లేదు. అందుకే ముక్కు కాస్త పైకెత్తి, వెనుక చక్రాలను ముందుగా నేలకు ఆనించాలి. వేగం ఎక్కువైతే విమానం బంతిలా పైకి ఎగురుతుంది. అంతవరకు అది చిన్న పొరపాటే. కాని కొత్తవాడు కంగారుపడి, ఎలాగైనా దించేయాలని ముక్కును కిందికి నొక్కుతాడు. ముందు చక్రం నేలను గుద్దుతుంది. విమానం మరింత ఎత్తుకు లేస్తుంది. రెండు మూడుసార్లు ఇలా జరిగితే ముందు కాలు విరుగుతుంది, పంకా నేలకు కొట్టుకుంటుంది.

ఇటువంటప్పుడు ఏం చేయాలో శిక్షకులు ముందే నేర్పుతారు. ఇంజనుకు పూర్తి శక్తి ఇచ్చి పైకి లేవాలి, మళ్ళీ ఒక చుట్టు తిరిగివచ్చి దిగాలి. దీనిని గో అరౌండ్ అంటారు. వేల గంటలు ఎగిరిన పైలట్లు కూడా అవసరమైతే ఇదే చేస్తారు. మరి కొత్తవాడు ఎందుకు చేయడు? కొన్నిసార్లు కంగారు వల్ల. కొన్నిసార్లు, కింద నిలబడి చూసేవారు ఏమనుకుంటారో అనే సిగ్గు వల్ల.

తెలిసి, సమ్మతించి చేసినదే మన తలమీద పాపంగా నిలుస్తుందని శ్రీసభ బోధిస్తుంది. కనుక విమానాన్ని గట్టిగా దించడం పాపం కాదు. కాని ముందు కాలికి దెబ్బ తగిలిందని తెలిసీ, ఎవరికీ చెప్పకుండా దానిని నిలిపి వెళ్ళిపోతే? రేపు అందులో ఎక్కేవాడు మరొక తల్లి బిడ్డ. పొరపాటు పాపంగా మారే చోటు ఇదే.

ఆ దాపరికంలో చెప్పనివాడి పాలు ఎంత, చెబితే పరువు తీస్తామని భయపెట్టినవారి పాలు ఎంత? ప్రమాద విచారణ లక్ష్యం మరో ప్రమాదాన్ని నివారించడమే గాని నింద మోపడం కాదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమం పెట్టింది. అమెరికాలో పైలట్లు తమ పొరపాట్లను గోప్యంగా తెలియజేసే ఏర్పాటు 1976 నుండి ఉంది. ఇలా మెత్తబడితే క్రమశిక్షణ ఏమవుతుందని మీరు అడగవచ్చు. బుద్ధిపూర్వకంగా చేసిన నేరానికి అక్కడ రక్షణ లేదు. తప్పిన విద్యార్థి మళ్ళీ శిక్షకుని పక్కన కూర్చుని పాఠం నేర్చుకోవలసిందే. పాపసంకీర్తనంలో కూడా క్షమాపణతోపాటు ప్రాయశ్చిత్తం ఉంది కదా!

ఇప్పుడు మన ఇళ్ళను చూద్దాం. రెక్కలు ముక్కలు చేసుకుని పిల్లలను హైదరాబాదు, కర్నూలు హాస్టళ్ళకు పంపుతున్నాం. ఫలితాల రోజున వారికి ఏ మాట వినిపిస్తున్నాం? 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తరువాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికలు రాశాయి. ఆ ఫలితాలలోనే తప్పులు దొర్లాయని తరువాత తేలింది. ఆ బిడ్డలను, వారి తల్లిదండ్రులను దేవుని కరుణకు అప్పగిద్దాం. మన బిడ్డల విషయంలో మాత్రం మేలుకుందాం. సప్లిమెంటరీ పరీక్ష అవమానం కాదు, అది మళ్ళీ ఒక చుట్టు. ఆ మాటను ఫలితాలు రాకముందే, నోరు తెరచి చెప్పాలి. తప్పిపోయిన కుమారుడు లేచి బయలుదేరగలిగాడంటే, తన తండ్రి ఎటువంటివాడో అతనికి తెలుసు కనుకనే.

1920లో జగద్గురువులు 15వ బెనెడిక్టు లొరెటో మాతను విమానాలలో ఎగిరేవారికి పాలకురాలిగా ప్రకటించారు. ఇటలీలోని లొరెటో క్షేత్రంలో భక్తులు దర్శించేది నజరేతులోని మరియమాత ఇంటిగా సంప్రదాయం చెప్పే ఒక చిన్న ఇల్లు. ఎగిరేవారికి శ్రీసభ ఒక ఇంటి తల్లిని తోడుగా ఇచ్చింది. డిసెంబరు 10న ఆ తల్లి పండుగ. ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థన ముగిశాక మీ పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని, ఏ తప్పు జరిగినా ఇంటికి రావచ్చని చెప్పండి.