పక్షుల పలుకులు - పసివారి పాఠాలు

మాటలు నేర్చే వయసులోనే మనం పిల్లలకు పక్షులను పరిచయం చేస్తాం. "కాకి ఏమంటుంది బేటా?" అని అమ్మీ అడిగితే "కావ్ కావ్" అంటాడు పిల్లవాడు. పిచ్చుక కిచకిచ, కోకిల కుహూ కుహూ, కోడిపుంజు కొక్కొరోకో. ఈ ఆట మంచిదే. కానీ అదే ఇంట్లో మరో పాఠం కూడా నడుస్తుంటుంది. గోడమీద కాకి అరిస్తే చుట్టాలొస్తారంటాం. రాత్రి గుడ్లగూబ కూస్తే కీడంటాం, రాయి విసిరి తరుముతాం. పిల్లవాడు రెండు పాఠాలూ నేర్చుకుంటాడు. కాబట్టి మనం ఆలోచించాలి. పక్షి కూత మన భవిష్యత్తును గురించిన కబురా?

భూమ్యాకాశాల్లోని వారంతా, రెక్కలు చాచి ఎగిరే పక్షులు సైతం అల్లాహ్ పవిత్రతను కొనియాడుతున్నారని, ప్రతి ఒక్కరికీ తమ నమాజు, తమ తస్బీహ్ తెలుసునని దివ్యఖుర్ఆన్ (24:41) తెలుపుతోంది. ఆ తస్బీహ్‌ను మనం గ్రహించలేమని కూడా (17:44) చెబుతోంది. పక్షుల భాషను అల్లాహ్ హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం)కు నేర్పాడు (27:16). మనకు నేర్పలేదు. రాని భాషకు మనమే అర్థాలు కల్పించి, వాటికి మనమే భయపడటం ఎంత విచిత్రం!

అరబీలో పక్షిని 'తైర్' అంటారు. అపశకునాన్ని 'తియరత్' అంటారు. రెండింటి మూలం ఒక్కటే. అజ్ఞాన కాలపు అరబ్బులు పక్షి ఎటు ఎగిరిందో చూసి ప్రయాణం నిర్ణయించుకునేవారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఈ నమ్మకాన్ని ఖండించారు. శకునాలను నమ్మడం షిర్క్ అని హెచ్చరించారు (అబూ దావూద్).

"మరి కోడికూత విన్నప్పుడు అల్లాహ్ అనుగ్రహాన్ని అర్థించమని, అది దైవదూతను చూసిందని హదీసులో (బుఖారీ, ముస్లిం) ఉంది కదా, అదీ శకునమే కదా?" అని ఎవరైనా అడగవచ్చు. కాదు. అది మన ఊహ కాదు, దైవప్రవక్త (స) తెలిపిన విషయం. పైగా శకునం మనిషిని భయపెట్టి పని మాన్పిస్తుంది. కోడికూత విన్న విశ్వాసి దుఆ చేస్తాడు, ఫజ్ర్ నమాజుకు లేస్తాడు.

పిల్లలకు పక్షులతో ఉండే స్నేహాన్ని దైవప్రవక్త (స) చిన్నచూపు చూడలేదు. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టతో ఆడుకునేవాడు. ఆయన ఆ పసివాణ్ణి ముద్దుగా పలకరించి, పిట్ట ఏమైందని అడిగేవారు (బుఖారీ, ముస్లిం). ఒక ప్రయాణంలో సహచరులు పిట్ట పిల్లలను పట్టుకోగా తల్లిపిట్ట తల్లడిల్లింది. అది చూసి, పిల్లలను తిరిగి ఇచ్చేయమని ఆదేశించారు (అబూ దావూద్).

కనుక "కాకి ఏమంటుంది?" అని అడిగిన తర్వాత మరో మాట కూడా చేర్చుదాం: "అది తన ప్రభువును స్తుతిస్తోంది బేటా, విను." అలా పెరిగిన బిడ్డ గుడ్లగూబ కూతకు జడవడు, గూటి మీద రాయి వేయడు.

మన సంతానాన్ని మూఢనమ్మకాల నుండి కాపాడి, వారి హృదయాలను కరుణతో నింపమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.