కుడికాలి కింద ఏముండాలి

సొంతంగా స్పోర్ట్స్ కారు కట్టుకునేవాళ్లకి పుణ్యక్షేత్రం ఇంగ్లాండ్. 1957లో కోలిన్ చాప్‌మన్ తెచ్చిన లోటస్ సెవెన్‌ని విడిభాగాలుగా కొనుక్కుని ఇంట్లోనే బిగించుకునేవాళ్లు. అలా కొంటే పర్చేజ్ టాక్స్ తప్పేది. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన, 250 పౌండ్లతోనే ఆ తరహా కారు తయారుచేసుకోవచ్చంటూ ఏకంగా ఒక పుస్తకం రాశాడు. ఉక్కు గొట్టాలు కోసి వెల్డింగ్ చేసుకోవడం, పాత ఫోర్డ్ ఎస్కార్ట్ నుంచి ఇంజను, గేర్‌బాక్సు ఊడదీసి తెచ్చి పెట్టుకోవడం.

ఇందులో నన్ను పట్టుకునేది వేగం కాదు. ఫ్రేమ్ తయారయ్యాక సీటు పెట్టి, అందులో కూర్చుని, స్టీరింగ్ ఎక్కడుండాలి, పెడల్స్ ఎంత దూరంలో ఉండాలి అని తేల్చుకునే ఘట్టం. షోరూమ్ కారుకి మనం సర్దుకుంటాం. ఇక్కడ కారే ఒక మనిషికి సర్దుకుంటుంది, దర్జీకి కొలతలిచ్చినట్టు. మా సాఫ్ట్‌వేర్‌లో "నా మెషీన్‌లో బాగానే పనిచేస్తోంది" అన్నవాడిని చూసి నవ్వుతాం. ఇక్కడ అదే అసలు లక్ష్యం.

మరి ఈ స్వేచ్ఛ ఎంతవరకు? డబ్బు నాది, వెల్డింగ్ నాది, కాళ్లు నావి. యాక్సిలరేటర్ మధ్యలో, బ్రేకు కుడిచివర పెట్టుకుంటే తప్పేంటి?

తప్పని చరిత్ర చెప్పదు. ఫోర్డ్ మోడల్ టీకి మూడు పెడల్స్ ఉండేవి. ఎడమది గేరు కోసం, మధ్యది రివర్స్, కుడిది బ్రేకు. యాక్సిలరేటర్ అసలు కాలికే కాదు, స్టీరింగ్ కింద చేతికి. కోటిన్నర కార్లు అలాగే అమ్ముడయ్యాయి. మాసెరాటీ 250ఎఫ్ రేసుకారులో యాక్సిలరేటర్ మధ్యలో ఉండేది. 1957లో ఫాంజియో ప్రపంచ ఛాంపియన్ అయింది ఆ కారుతోనే. అంటే క్లచ్, బ్రేక్, యాక్సిలరేటర్ అనే మన వరస ప్రకృతి ధర్మమేమీ కాదు. ఒట్టి అలవాటు.

అయితే ఒట్టి అలవాటు కాబట్టి దాన్ని లెక్కచెయ్యక్కర్లేదు అనే మాట దగ్గర నేను ఆగిపోతాను. పాత బుల్లెట్ నడిపినవాళ్లకి ఇది వివరించక్కర్లేదు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. వేరే బళ్లు అలవాటైనవాడు దాన్నెక్కాడనుకోండి. గేదె అడ్డొస్తే కుడికాలు నొక్కుతాడు. బండి ఆగదు, గేరు మారుతుంది. తీరిగ్గా ఉన్నప్పుడు ఏది ఎక్కడుందో మెదడుకి తెలుసు. గేదె కనబడిన ఆ క్షణంలో తెలియాల్సింది కాలికి. (ఇక్కడ హైడెగర్ సుత్తిని లాక్కురావాలని చెయ్యి దురదపెడుతోంది, వద్దులెండి.)

"నా కారు నేను తప్ప ఎవరూ నడపరు" అనొచ్చు. కానీ ఆ నేను కూడా సోమవారం మామూలు కార్లోనే ఆఫీసుకెళ్తాడు. ఆదివారం ఒక వరస, సోమవారం ఇంకో వరస నేర్చుకున్న కాలు కంగారులో ఏ రోజుని గుర్తుచేసుకుంటుందో ఎవరు చెప్పగలరు? పైగా కారుని గేటు పక్కకి జరిపే మెకానిక్ ఉంటాడు, ఎప్పుడో కొనుక్కునేవాడు ఉంటాడు. అప్పటి లోటస్ సెవెన్‌లు ఇప్పటికీ తిరుగుతున్నాయి.

నేను తేలిగ్గా దాటలేని అభ్యంతరం వేరే ఉంది. అందరి అలవాటు అంటున్నామే, ఆ అందరిలో కుడికాలు లేనివాళ్లు ఉన్నారా? వాళ్లకి ఈ వరస మర్యాద కాదు, మూసేసిన తలుపు. దాన్ని మార్చుకునే హక్కు సరదాకి మార్చుకునేవాడి హక్కు లాంటిది కాదు. వాళ్ల కోసం ఎడమకాలి యాక్సిలరేటర్లు ఉన్నాయి. కొన్ని రకాల్లో దాన్ని పైకి మడిచేస్తే మామూలు పెడల్ మళ్లీ వాడుకోవచ్చు, ఇంట్లో ఇంకొకరు నడపడానికి. ఆ మడత బందు ఎవరు కనిపెట్టారో గానీ, ఈ ప్రశ్న మీద నేను రాస్తున్నదానికన్నా ఎక్కువే ఆలోచించి ఉంటారు.

సీటు, స్టీరింగ్ దూరం, గేరు రాడ్ పొడవు ఎవరిష్టం వాళ్లది. వాటికి కొత్తగా కూర్చున్నవాడు నిమిషంలో ఇబ్బంది గ్రహిస్తాడు, జాగ్రత్తపడతాడు. పెడల్స్ తారుమారైతే ఆ సూచన ఉండదు. హాయిగానే ఉంటుంది, అవసరం పడేదాకా.

ఇక డ్రైవర్‌ది మాత్రమే కాని స్విచ్ ఒకటుంది. రేసులకి వెళ్లే కార్లలో కరెంటు మొత్తాన్ని ఒక్కసారే కోసేసేది. దాని పక్కన నీలం త్రికోణంలో ఎర్రటి మెరుపు గుర్తు అంటిస్తారు. బెల్టులు బిగించుకున్న డ్రైవర్‌కీ అది అందాలి, బయట నుంచి పరిగెత్తుకొచ్చినవాడికీ అందాలి. మిగతావన్నీ సీట్లో కూర్చుని, కళ్లు మూసుకుని, చెయ్యి సహజంగా ఎక్కడికెళ్తుందో చూసి నిర్ణయించుకోవచ్చు. దీనికి మాత్రం ఒకసారి కారు దిగాలి. సీట్లో స్పృహ లేకుండా ఉన్నది తనే అనుకుని, పక్కన నిలబడి చెయ్యి చాపి చూడాలి. అద్దం కింది అంచున, కాస్త పక్కగా పెడితే ఇద్దరికీ అందుతుంది.