"తిన్నవా?" అని అడిగే తల్లి

ఈ వారం వీడియోలో టైమ్ చాలక ఆగిపోయిన మాట ఒకటి ఇక్కడ చెప్పుకుందాం.

లలితా సహస్రనామంలో అమ్మవారికి మొదటి పేరు శ్రీమాతా. మహారాణి అనే పేరు ఆ తర్వాతే వస్తుంది. ముందు అమ్మ, తర్వాతే అన్నీ.

మాది గట్టు. నేను హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నా. పని ఒత్తిడిలో అన్నం మానేసిన రోజే అమ్మ ఫోన్ వస్తుంది: "తిన్నవా నాయనా?" అమ్మకెట్ల తెలిసిందబ్బా అనిపిస్తుంది. మీకూ ఇలా జరిగే ఉంటుంది.

ఇంజినీర్ బుర్ర కదా, లెక్క వేశాను. అమ్మ రోజూ చేస్తుంది, రోజూ అదే అడుగుతుంది. తిన్న రోజు "ఆ, తిన్నా" అని పెట్టేస్తాం, గుర్తుండదు. తినని రోజే గుర్తుంటుంది. మరి మహిమ ఎక్కడుంది? ఒక్కరోజు కూడా అడగడం మానని ఆ మనసులో ఉంది.

మా జిల్లాకు పేరిచ్చిన అలంపురం జోగులాంబ కూడా అంతే. 18 శక్తిపీఠాల్లో 5వది. సతీదేవి పైదంతాలు పడిన చోటని స్థలపురాణం. దంతాలంటే భయం వేస్తుంది కానీ, అన్నం నమిలేదీ వాటితోనే కదా! అమ్మది ఉగ్రరూపం. గుడి చుట్టూ ఉన్న నీళ్లు ఆ ఉగ్రాన్ని చల్లబరుస్తాయని పెద్దలంటారు. తినలేదని చెప్తే మన అమ్మకొచ్చే కోపం లాంటిదే అది.

14వ శతాబ్దం చివర బహమనీల దాడిలో ఆ గుడి కూలిపోయింది. విగ్రహాన్ని బాలబ్రహ్మేశ్వరుని ఆలయంలో ఉంచి పూజించారు. కొత్త గుడి కట్టింది 2005లో. అంటే దాదాపు 600 ఏళ్లు తనకంటూ గుడి లేకుండానే బిడ్డల్ని చూసుకుంది. మన ఇళ్లల్లోనూ చాలామంది అమ్మలకు సొంత గది ఉండదు. అయినా ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో ఆమెకే తెలుసు.

మొన్న నేనే ముందు అడిగాను, "నువ్వు తిన్నవా అమ్మా?" అని. కాసేపు మాట్లాడలేదు. అమ్మమ్మ పోయినంక ఆ మాట అడిగినోళ్లే లేరంట.

నైవేద్యం అంటే నాకప్పుడు అర్థమైంది. రోజూ మనల్ని అడిగే తల్లిని, ఒక్కసారి మనం తిరిగి అడగడం. గుడిలో అమ్మకు పెడుతున్నాం, మంచిదే. ఇంట్లో అమ్మను కూడా అడుగుదాం.

శ్రీమాత్రే నమః.