మాల తీసిన మరునాడు

దేవుడి మీద ఒట్టు పెట్టుకుని తాగుడు మానినవాడు మానింది తన బలంతోనా, దేవుడి బలంతోనా? కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో కార్తీకం మొదలుకొని శివరాత్రి దాకా ఏటా ఎదురయ్యే ప్రశ్న ఇది. పొద్దుగూకితే మందు లేనిదే నిలవలేని మనిషి అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టడు. శివమాల వేసుకున్నవారు ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా నల్లమల దాటి శ్రీశైలానికి నడుస్తారు. మాల తీశాక కొందరు అదే వారంలో మళ్లీ అంగడి దారి పడతారు.

ఇది చూసి భక్తి అంతా బూటకమని నవ్వేవాళ్లున్నారు. అది తొందరపాటు తీర్పు. 41 రోజులు మానగలిగాడంటే మానడం అతనికి సాధ్యమేనని తేలింది. ఏది అతణ్ణి నిలబెట్టిందో చూడాలి. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, పూజ, ఒంటిపూట భోజనం, నేల పడక. తాగే వేళకు భజన ఉంటుంది. తాగే జతగాళ్లు దూరంగా ఉంటారు. నల్లబట్టల్లో ఉన్నవాడికి మందు పోసే ధైర్యం ఎవరికీ ఉండదు. నిన్నటిదాకా తాగుబోతని తిట్టిన నోళ్లే ‘స్వామీ’ అంటాయి, ఇంటి ఇల్లాలితో సహా. భక్తుడి పట్టుదల, దేవుడి మీద భయం ఎంత ఉన్నా వాటికి కాపు కాసింది చుట్టూ ఉన్న మనుషులు. మాలతో పాటు ఆ కాపూ తొలగిపోతుంది.

మానసిక చికిత్స ఎక్కువగా పనిచేసేది ఇక్కడినుంచే. మళ్లీ తాగుడులో పడకుండా కాచుకోవడం గురించి అమెరికా మనస్తత్వవేత్త అలన్ మార్లాట్, జూడిత్ గార్డన్‌తో కలిసి 1985లో ఒక గ్రంథం వెలువరించాడు. ఏ వేళ, ఏ మనిషి, ఏ దిగులు తాగుడు వైపు లాగుతాయో ముందే గుర్తుపట్టడం, పెళ్లిలో గ్లాసు చేతికిస్తే ఏమనాలో ముందే చెప్పి చూసుకోవడం, కోరిక పుట్టినప్పుడు దానితో కుస్తీ పట్టకుండా అది పెరిగి తగ్గేదాకా గమనిస్తూ ఉండటం ఆ పద్ధతిలోని సాధనలు. ఒకసారి కాలు జారినవాడు ఎలాగూ వ్రతం చెడింది కదా అని సీసా మొత్తం ఖాళీ చేస్తాడని కూడా మార్లాట్ గమనించాడు. ఒట్టు గట్టిదైన కొద్దీ ఈ ప్రమాదం పెరగవచ్చు. దీక్షాధర్మంలో లోటు ఎక్కడైనా ఉందంటే ఇక్కడే: జారినవాడికి నింద సిద్ధంగా ఉంటుంది, లేచే మార్గం ఉండదు.

ఇష్టం లేకపోయినా మనిషి చేత తప్పు చేయించేది ఏదని అర్జునుడు గీత మూడో అధ్యాయంలో అడుగుతాడు. మనసు నిగ్రహానికి అభ్యాసం, వైరాగ్యం కావాలన్న మాట ఆరో అధ్యాయంలో వస్తుంది. దీక్ష మండలం రోజుల అభ్యాసం ఇస్తుంది. వైరాగ్యానికి గడువు తేదీ పెట్టలేం. హిందువులూ ముస్లిములూ కలిసి మొక్కే కడప అమీన్‌పీర్ దర్గా ఊళ్లో ఇస్లాం సంగతీ చెప్పుకోవాలి. మత్తులో నమాజుకు రావద్దని ముందు చెప్పి, పూర్తి నిషేధాన్ని ఖురాన్ తర్వాత విధించింది. అలవాటు ఒక్కరోజులో తెగదన్న ఎరుక అందులో కనిపిస్తుంది.

1935లో అమెరికాలోని ఆక్రన్‌లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ మరో జవాబిచ్చింది. తాగుడు ముందు తాను ఓడిపోయానని ఒప్పుకోవడం దాని 12 మెట్లలో మొదటిది. తనకు తోచిన రూపంలో దేవుడికి తనను అప్పగించుకోవడం మూడోది. మన శరణాగతికి ఇది దగ్గర. శరణు అనాలన్నా మనిషి పూనుకోవాలి గనుక తన బలం, దేవుడి బలం అన్న విభజన అక్కడ నిలవదు. వాళ్ల వ్రతం ఈ ఒక్కరోజుకే, రేపు మళ్లీ మొదలు. కాబట్టి మాల తీసే రోజంటూ రాదు.

మాల వేసే గురుస్వాములు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఏళ్లుగా రోజూ విపరీతంగా తాగేవాడు ఒక్కసారిగా ఆపితే చేతుల వణుకు, ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి భ్రమించి ప్రాణం మీదికీ రావచ్చు. అది దేవుడి ఆగ్రహం కాదు, మందులతో అదుపు చేయగల స్థితి. భోజనంలో రహస్యంగా ‘మానుడు మందు’ కలపడమూ ప్రమాదమే. ముందు కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలోనో, కడప రిమ్స్‌లోనో మానసిక వైద్యుణ్ణి కలిసి, ఆ తర్వాతే మాల వేయించాలి. ఫోన్‌లో సలహాకు టెలి మానస్ నంబరు 14416.