గుర్తుపట్టకపోతే వెళ్లడం దండగా?

మా నానమ్మకి డిమెన్షియా. హైదరాబాద్‌లో ఒక కేర్ హోమ్‌లో ఉంటోంది. నేను వెళ్తే "ఎవరు బాబూ?" అంటుంది. నిజం చెప్పాలంటే, మూడు నెలలు వెళ్లడం మానేశాను. సేవ్ కాని ఫైల్‌లో ఎంత పనిచేసి ఏం లాభం అనిపించింది.

మొన్న పండక్కి వెళ్లాను. అక్కడి ఆయా తులసి ఆకు నలిపి నానమ్మ చేతిలో పెట్టింది. వాసన చూడగానే నానమ్మ రెండు చేతులూ జోడించింది. మల్లెమొగ్గలు, దారం ముందు పెడితే గబగబా మాల కట్టేసింది. పేర్లు మర్చిపోయినా, చేతులకి అలవాటైన పని చాలాకాలం నిలుస్తుందట. సహస్రనామం గట్టిగా పెడితే మాత్రం చిరాకు పడింది. సౌండ్ తగ్గించాక ఊరుకుంది.

అప్పుడు ఆలోచించాను. పూజలో గంధం, పుష్పం, ధూపం, దీపం, నైవేద్యం సమర్పిస్తాం. "స్వామీ, నేను గుర్తున్నానా?" అని అడిగి మొదలుపెట్టం కదా! మరి నానమ్మ దగ్గరే ఎందుకు లెక్క చూసుకున్నాను? ఆ సంతోషం ఆవిడకి రేపు గుర్తుండదు. కానీ ఆ పది నిమిషాలూ ఆవిడ సంతోషంగా ఉన్నది నిజం. గీతలో ఫలం ఆశించొద్దు అంటే ప్రమోషన్ గురించి అనుకునేవాణ్ణి. గుర్తింపు కూడా ఫలమే అని ఇప్పుడే అర్థమైంది.

ఈ ఆదివారం మల్లెమొగ్గలు తీసుకెళ్తున్నా. "ఎవరు బాబూ?" అంటే, "నీ మనవణ్ణి నానమ్మా" అని మళ్లీ చెప్తాను.