కృతజ్ఞతకు రుజువు కనికరమే



మరల ఆగమన కాలములో ప్రవేశిస్తున్నాము. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఈ నాలుగు ఆదివారములు మన సంఘములలో తీరిక లేనివి. కేరల్స్‌కు ఇంటింటికి తిరగాలి, సండేస్కూలు పిల్లలకు నాటిక నేర్పాలి, మందిరమునకు రంగులు వేయాలి, కృతజ్ఞతార్పణల కవర్లు పంచాలి. ఈ సందడిలో రెండు ప్రశ్నలు మనలను మనము వేసికొనుట మంచిది. దేవునికి మనము చెల్లించే కృతజ్ఞత నిజమైనదని ఎలా తెలుస్తుంది? మనము ఎవరికైనా కనికరము చూపినప్పుడు వారి నుండి కృతజ్ఞతను ఆశించవచ్చునా?

మొదటి ప్రశ్నకు ప్రభువు ఒక ఉపమానములో జవాబిచ్చాడు (మత్తయి 18:23-35). ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు అచ్చియున్నాడు. ఆ దినములలో ఒక దేనారము ఒక రోజు కూలి. తలాంతుకు సుమారు 6,000 దేనారములు. అంటే అతని అప్పు 6 కోట్ల రోజుల కూలి! ఎన్ని జన్మలెత్తినా తీరేది కాదు. రాజు దానిని క్షమించాడు. అతడు బయటికి వెళ్ళి, తనకు నూరు దేనారములు అచ్చియున్న తోటి దాసుని గొంతు పట్టుకొన్నాడు. నూరు రోజుల కూలి అనేది చిన్న మొత్తమేమీ కాదు. కూలివాని ఇంటిలో అది మూడు నెలల తిండి. ఇతరులు మనకు చేసిన నష్టము ఉత్తదే అని ప్రభువు చెప్పలేదు. ఆ దాసుడు రాజుకు వందనములు చెప్పాడో లేదో వాక్యములో లేదు. రాజు దానిని గూర్చి అడగనూ లేదు. తాను చూపిన కనికరము తోటివానికి ఎందుకు అందలేదని మాత్రమే అడిగాడు.

దేవుని బాకీ దేవునికి తీర్చలేము. అందుకే ఆయన దానిని మన పొరుగువాని పేరున వ్రాసి ఉంచాడు. కనికరముగా మారని కృతజ్ఞత నోటి మాటగానే మిగిలిపోతుంది.

ఇక రెండవ ప్రశ్న. పదిమంది కుష్ఠరోగులు బాగుపడ్డారు. తిరిగి వచ్చినవాడు ఒక్కడే, వాడు సమరయుడు (లూకా 17:11-19). తక్కిన తొమ్మిదిమంది ఎక్కడ అని ప్రభువు అడిగాడు. వారు దేవుని మహిమపరచలేదని ఆయనకు బాధ కలిగింది. గాని వారికిచ్చిన స్వస్థతను వెనుకకు తీసికొనలేదు. పొందినవాడు కృతజ్ఞతను మరువరాదు, ఇచ్చినవాడు దానిని వసూలు చేయరాదు. మనమైతే తరచుగా దీనిని తిరగవేస్తాము. పొందినది మరచి, ఇచ్చినది లెక్క పెట్టుకొంటాము.

మన బాప్టిస్టు చరిత్రలోనే దీనికి గొప్ప సాక్ష్యమున్నది. 1876-78లో మద్రాసు రాజధానిని భయంకరమైన కరువు పట్టింది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగమును కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి పని చూపించి కూలి ఇప్పించారు. చేయి చాచిన వారిగా గాక పనివారిగా వారు అన్నము తిన్నారు. ఆ దినములలో అనేకులు బాప్తిస్మము కోరారు. అయినను అన్నము కొరకు వచ్చినవారెవరో, ప్రభువు కొరకు వచ్చినవారెవరో తెలియని ఆ కాలములో ఆయన బాప్తిస్మములు ఆపివేశారు. సహాయము ఇచ్చుట ముగిసిన తరువాత కూడ జనులు వస్తూనే ఉన్నారు. అప్పుడు 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్యను మనము గర్వముగా చెప్పుకొంటాము. దానికి ముందు ఆయన ఓపికతో వేచియుండుటను కూడ చెప్పుకొనవలెను. కనికరమునకు బదులుగా విశ్వాసమును సహితము ఆయన అడుగలేదు.

ఇప్పుడు మన సంగతి. మనలో అనేకుల తాతలు పొట్ట చేత పట్టుకొని సొంత ఊరు విడిచి వచ్చినవారే. కొందరు కోలారు బంగారు గనులకు, కొందరు బొంబాయి మిల్లులకు, కొందరు రైల్వే పనులకు వచ్చారు. భాష రాని ఊరిలో ఎవరో వసారాలో చోటిచ్చారు, ఎవరో పని చూపించారు. ఆ మేలు చేసినవారు నేడు లేరు. వారి బాకీ ఎవరికి తీర్చాలి? ఇశ్రాయేలీయులు ఐగుప్తులో దాసులైయుండిరి గనుకనే, పొలములో మరచిన పనను పరదేశికి విడిచిపెట్టవలెనని దేవుడు ఆజ్ఞాపించాడు (ద్వితీ. 24:19-22). నేడు పాలమూరు నుండి, శ్రీకాకుళము నుండి కట్టడపు పనులకు క్రొత్తగా వచ్చేవారు మన వాకిట నిలుస్తున్నారు. "నాలుగు వారములు ఆరాధనకు వచ్చారు, పని దొరకగానే కనబడకుండా పోయారు" అని మనము సణుగుకొంటాము. ఆ తొమ్మిదిమందిని జ్ఞాపకము చేసికొందాము. వచ్చినవారు తెలుగువారు కాకపోయినను, కృతజ్ఞతతో తిరిగి వచ్చినవాడు సమరయుడని మరువకుందాము.

ఇంకొక మాట. డిసెంబరులో విధవరాండ్రను, బీదలను వేదిక మీదికి పిలిచి, మైకులో పేర్లు చదివి, ఫొటోలు తీసి చీరలు, దుప్పట్లు పంచుట అనేక చోట్ల వాడుకగా ఉన్నది. ఇచ్చేవారి మనస్సు మంచిదే. గాని ఆ మెట్లు ఎక్కే తల్లి తలవంచుకొని ఎందుకు ఎక్కుతున్నదో ఆలోచించారా? మొదటి క్రిస్మస్ కథలో యోసేపు ఉన్నాడు. దూత ఇంకను రాకముందే, తనకు అన్యాయము జరిగిందని తలంచిన సమయములోనే, మరియను నలుగురిలో అవమానపరచరాదని నిశ్చయించుకొన్నాడు (మత్తయి 1:19). అందుకే వాక్యము అతనిని నీతిమంతుడన్నది. ఒక మనిషి పరువు కాపాడుట కూడ కనికరమే. ఆ దుప్పటిని సాయంకాలము వారి ఇంటికి తీసికొనిపోయి, కూర్చొని, ఒక కప్పు టీ త్రాగి రండి. ఇచ్చినవారు వారింట పుచ్చుకొన్నవారు కూడ అవుతారు.

ఈ నాలుగు వారములలో ప్రతి కుటుంబము ఈ పనులు చేయవచ్చును. మనకు మేలు చేసినవారి పేర్లు పిల్లలకు చెప్పి కుటుంబ ప్రార్థనలో దేవుని స్తుతించుదాము. మనకు బాకీపడి తీర్చలేక ముఖము చాటు చేస్తున్నవారిని మనమే వెళ్ళి పలుకరించుదాము. తిరిగి ఇవ్వలేని ఒకరికి, ఎవరికీ చెప్పకుండ మేలు చేద్దాము. మాట్లాడని అన్నదమ్ములుంటే క్రిస్మస్ ఆరాధనకు ముందే సమాధానపడుదాము.

శిశువు ఇంకను జన్మింపకముందే మరియ, దేవుడు తన కనికరమును జ్ఞాపకము చేసికొన్నాడని పాడింది. మనకైతే ఆ శిశువు అనుగ్రహింపబడ్డాడు. మన స్తుతి మన పొరుగువాని ఇంటిలోను వినబడునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.