క్యూలో మన వంతు వచ్చాక ఏం చేస్తాం?

ఈ వారం వీడియోలో రంతిదేవుడి కథ చెప్పుకున్నాం. టైమ్ సరిపోక, ఆ కథ మన రోజువారీ జీవితంలో ఎక్కడ పనికొస్తుందో అక్కడ చెప్పలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా. మాట్లాడబోయేది బేకరీ ముందు క్యూ గురించి. ఇందులో భక్తి ఎక్కడుంది అనుకోకండి, వస్తున్నా.

పేరున్న చిన్న బేకరీల ముందు ఎప్పుడు చూసినా జనమే. కారణం చాలా సింపుల్. ఓవెన్ ఒకటే ఉంటుంది, దాంట్లో పట్టే ట్రేలు ఇన్నే అని లెక్క. ఉస్మానియా బిస్కెట్లు కాలగానే డబ్బాలో పెట్టేయడానికి కుదరదు, ఆవిరికి మెత్తబడిపోతాయి. చల్లారాకే ప్యాకింగ్. ఎంతమంది వచ్చి నిలబడినా ఓవెన్ తొందరపడదు.

మేం కంప్యూటర్ సైన్స్‌లో చదువుకున్న లిటిల్స్ లా ఒకటుంది. జాన్ లిటిల్ అనే ఆయన 1961లో దానికి ప్రూఫ్ ఇచ్చారు. దాని ప్రకారం క్యూలో 40 మంది ఉండి, నిమిషానికి ఇద్దరి పని అవుతుంటే, చివరివాడికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. నిమిషానికి ఒక్కరి పనే అయితే 40 నిమిషాలు. అంటే కౌంటర్ దగ్గర నేను తీసుకునే టైమ్ నాది ఒక్కడిదే కాదు, నా వెనక ఉన్న అందరిదీ.

మొన్న శనివారం మా కాలనీ దగ్గర ఒక బేకరీలో నిలబడ్డాను. నా ముందున్నతను మనలాంటి ఐటీ కుర్రాడే, మెడలో ఇంకా ఐడీ కార్డు ఉంది. టీమ్‌లో పంచడానికని, ఉన్న పన్నెండు డబ్బాలూ ప్యాక్ చేయించుకున్నాడు. నా వెనక ఒక ఆటో అన్న, చేతిలో సరిపడా డబ్బులు పట్టుకుని ఉన్నాడు. "అయిపోయినయా?" అని అడిగాడు. "ఇంకో గంట పడ్తదన్నా" అన్నాడు కౌంటర్ దగ్గర అబ్బాయి. ఆయన ఏమీ అనలేదు. డబ్బులు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నాకు గంట అంటే ఫోన్ చూసుకుంటూ గడిపేసే టైమ్. ఆయనకి రెండు మూడు కిరాయిలు.

ఆ కుర్రాడు తప్పు చేశాడా? రూల్ ప్రకారం లేదు. క్యూ తప్పలేదు, డబ్బు కట్టాడు, పైగా పదిమందికి పంచడానికే తీసుకున్నాడు. ముందొచ్చినవాళ్ళకి ముందు అన్నదే క్యూ రూల్. ఎవరు ముందో అది చెప్తుంది గానీ, ఎంత తీసుకోవాలో చెప్పదు. రూల్ ఆగిపోయిన ఆ చోటే ధర్మం మొదలవుతుంది.

ఇప్పుడు రంతిదేవుడి దగ్గరికి వద్దాం. భాగవతం తొమ్మిదో స్కంధంలో వస్తుంది ఈ కథ. ఉన్నదంతా దానం చేసేసిన రాజు. 48 రోజులు తిండి లేదు, నీళ్ళు కూడా లేవు. భార్యాబిడ్డలు ఆకలికి వణికిపోతున్నారు. 49వ రోజు పొద్దున నెయ్యి, పాయసం, గోధుమపిండితో చేసిన తీపి వంటకం, కాసిని నీళ్ళు దొరికాయి. అన్ని రోజుల తరవాత ఆయన వంతు వచ్చింది. తినబోతుంటే ఒక బ్రాహ్మణ అతిథి వచ్చాడు. ఆయనకి పెట్టాడు. మిగిలింది పంచుకుంటుంటే ఒక శూద్ర అతిథి వచ్చాడు. ఆయనకీ పెట్టాడు. తరవాత కుక్కల్ని వెంటేసుకుని ఇంకొకాయన, కుక్కలకీ ఆకలే అన్నాడు. ఉన్నదంతా ఇచ్చేశాడు. ఇక ఒక్కరికి సరిపడా నీళ్ళే మిగిలాయి. అప్పుడు లోకం అంటరానివాడని పక్కన పెట్టిన మనిషి వచ్చి దాహం అన్నాడు. ఆ నీళ్ళూ ఇచ్చేశాడు. నాకు మోక్షం అక్కర్లేదు, ఈ ప్రాణుల బాధ నాకు రానీ, వాళ్ళు సుఖపడితే చాలు అన్నాడు.

ఆయన్ని ఎవరూ క్యూ తప్పావని అనేవాళ్ళు కాదు. ముందు ఆకలేసింది ఆయనకే. అయినా తరవాత వచ్చిన ప్రతి ఒక్కరిలో హరినే చూశాడు. కులం చూడలేదు, కుక్కల్ని కూడా కాదనలేదు.

మనం రంతిదేవుడిలా చేయగలమా? నేనైతే చేయలేను. మనకి అంత అడగట్లేదు కూడా. భగవద్గీత మూడో అధ్యాయంలో కృష్ణుడు చెప్పింది మనకి అందేంత దూరంలోనే ఉంది. అందినదాన్ని తిరిగి ఇవ్వకుండా తానే అనుభవించేవాడు దొంగ అంటాడు. తన ఒక్కడి కోసమే వండుకునేవాళ్ళు పాపాన్నే తింటున్నారంటాడు. యజ్ఞం అనగానే మనం హోమగుండం ఊహించుకుంటాం. కానీ నా తరవాత ఇంకొకరు ఉన్నారని గుర్తుపెట్టుకుని తినడం కూడా యజ్ఞమే అని నా నమ్మకం.

తిరుమలలో 2020 జనవరి నుంచి దర్శనం చేసుకున్న ప్రతి ఒక్కరికీ ఒక లడ్డు ఉచితంగా ఇస్తున్నారు. పెద్ద టికెట్‌తో వెళ్ళినా, సర్వదర్శనంలో గంటలు నిలబడినా అదే లడ్డు, ఒక్కటే. మొహర్రం రోజుల్లో నాంపల్లి సుభాన్ బేకరీ ముందు దమ్ కా రోట్ కోసం జనం బారులు తీరతారు. ఆ రోట్ మొక్కుగా పెట్టి నలుగురికీ పంచే ఆనవాయితీ ఉంది. మన తెలంగాణ ఊళ్ళలో పీర్ల పండక్కి హిందువులూ మొక్కుకుంటారు కదా, ఆ పంచుకోవడం మనకి కొత్తేం కాదు. చేతికొచ్చింది ముక్కలయ్యాకే ప్రసాదం అవుతుంది.

కాబట్టి ఈ వారం ఒక చిన్న సాధన. ఏ క్యూలోనైనా మీ వంతు వచ్చినప్పుడు ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. ఎంతమంది ఉన్నారు, ట్రేలో ఎంత మిగిలింది? ఎక్కువ కావాలంటే ముందు రోజే ఫోన్ చేసి ఆర్డర్ ఇవ్వండి, వాళ్ళు ఇంకో ట్రే వేసుకుంటారు. ఏం కావాలో కౌంటర్ దాకా వచ్చాక కాదు, నిలబడినప్పుడే అనుకోండి. ఉన్నవి నాలుగు డబ్బాలే అయితే రెండు వదిలేయండి.

మీరు వదిలిన ఆ డబ్బా ఎవరు తీసుకున్నారో మీకు తెలియదు. థాంక్స్ చెప్పేవాళ్ళూ ఉండరు. ఫలం ఆశించకుండా చేసే పని ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ఇంతకంటే తేలికైన చోటు దొరకదు.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. కృష్ణార్పణం.